పైన లెక్చర్ హాల్, కింద ల్యాబ్

1831 ఆగస్టు 29. లండన్‌లో ఆల్బమార్ల్ స్ట్రీట్ అనే వీధిలో ఒక పెద్ద భవనం. దాని నేలమాళిగలో ఉన్న ల్యాబ్‌లో మైకేల్ ఫారడే ఒక మెత్తని ఇనుప రింగు తీసుకుని, దానికి ఒక వైపు కొంత, రెండో వైపు కొంత రాగితీగ చుట్టాడు. ఇన్సులేషన్ అంటే ఇప్పట్లా ఎనామిల్ పూత కాదు, దారమూ గుడ్డపేలికలూ. మొదటి చుట్టని బ్యాటరీకి కలపగానే రెండో చుట్ట తాలూకు తీగ దగ్గరున్న అయస్కాంత సూది ఒక్కసారి ఊగి, మళ్ళీ తన చోటుకి వచ్చేసింది. బ్యాటరీ తీసేస్తే ఇంకోసారి ఊగింది. ఇనుప కంచె లోపల గుయ్యిమంటూ ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ రింగే ముత్తాత.

ఈ కథ మనకి ఇంటర్ నుంచీ తెలుసు. ఫ్లక్స్ మారితే ఇ.ఎం.ఎఫ్. పుడుతుంది, సూత్రం రాస్తే రెండు మార్కులు. కానీ ఆ ల్యాబ్ ఎవరిది, దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, అదే భవనంలో పై అంతస్తులో ఏం జరిగేది అన్నవి మన పుస్తకాల్లో ఉండవు. ఈ వ్యాసం వాటి గురించి. ఆ భవనం పేరు రాయల్ ఇన్‌స్టిట్యూషన్. రాయల్ సొసైటీ అని ఇంకొకటి ఉంది, అది వేరు. న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్నది దానికి. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది రెండింటినీ కలిపేస్తుంటారు.

ఒక సైన్స్ సంస్థ ఏం చేస్తుంది అని ఎవరినైనా అడిగితే మూడు సమాధానాలు వస్తాయి. పరిశోధన చేయిస్తుంది, చదువు చెప్తుంది, జనానికి సైన్స్ అర్థమయ్యేలా చేస్తుంది. మనం మనసులో ఈ మూడింటికీ ర్యాంకులు కూడా ఇచ్చేస్తాం. పరిశోధన ఫస్టు, చదువు సెకండు, జనానికి చెప్పడం అనేది తీరిక ఉంటే చేసే సమాజసేవ. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు ఈ ర్యాంకులు తల్లకిందులుగా కనిపించాయి. అక్కడ మూడో పనే మిగతా రెండింటినీ మోసింది. ల్యాబ్‌కి డబ్బు తెచ్చింది. అంతకంటే ముఖ్యంగా మనుషుల్ని తెచ్చింది.

తీసేసిన మెట్లు

1799 మార్చి 7న లండన్‌లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఇంట్లో కొంతమంది పెద్దమనుషులు సమావేశమై ఈ సంస్థని మొదలుపెట్టారు. వెనక ఉన్న బుర్ర మాత్రం కౌంట్ రమ్‌ఫర్డ్‌ది. ఈయన అమెరికాలో పుట్టి, బవేరియా ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు ఎంతకీ తరగకుండా పుట్టుకొచ్చే వేడిని చూసి, వేడి అనేది ఒక పదార్థం కాదు, చలనం అని వాదించింది ఈయనే. మిగతా సమయంలో పొయ్యిలు, పొగగొట్టాలు, పేదలకి తక్కువ ఖర్చుతో సూప్ వండే పద్ధతులు, ఇలాంటివి ఆలోచిస్తుండేవాడు. ఇప్పుడుంటే మెకానికల్ బ్రాంచి వాళ్ళు మావాడే అని పోస్టర్ వేసుకునే రకం.

సంస్థ ఉద్దేశం కూడా ఆయన లాగే ఉండేది. కొత్త యంత్రాలూ పరికరాలూ పది మందికీ తెలియాలి, సైన్స్‌ని రోజువారీ బతుక్కి ఎలా వాడుకోవాలో లెక్చర్లతో, ప్రయోగాలతో చూపించాలి. ఒక్కో వ్యవస్థాపక సభ్యుడూ యాభై గినీలు కట్టాడు. ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. అంటే డబ్బిచ్చినవాళ్ళు భూస్వాములు, చెప్పాలనుకున్నది పనివాళ్ళకి. ఈ రెండిటికీ పొత్తు కుదరడం కష్టమని మొదటి రెండు మూడేళ్ళలోనే తేలిపోయింది.

భవనం పనులు చూసినవాడు థామస్ వెబ్‌స్టర్ అనే యువ ఆర్కిటెక్టు. మేస్త్రీలకీ, వడ్రంగులకీ, లోహపు పనివాళ్ళకీ అక్కడ ఒక బడి పెట్టాలని అతని కోరిక. లెక్చర్ హాల్లో వాళ్ళ కోసం పైన గ్యాలరీ, ఆ గ్యాలరీకి వీధిలోంచి నేరుగా వెళ్ళేలా ఒక రాతి మెట్ల దారి కట్టించాడు. దొరలతో కలిసి ముందు గుమ్మంలోంచి రావడానికి వాళ్ళు మొహమాటపడతారని, లేదా దొరలు మొహం చిట్లిస్తారని. ఎలాగైతేనేం, దారి ఉంది. కానీ ఫ్రెంచి విప్లవం జరిగి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. పనివాడికి చదువు చెప్తే రాజకీయంగా ప్రమాదం అన్న భయం లండన్ పెద్దల్లో గట్టిగా ఉంది. బడి ఆలోచన ఆగిపోయింది. రాతి మెట్లని తీసేశారు. వెబ్‌స్టర్ ఈ విషయం తర్వాత స్వయంగా రాసుకున్నాడు.

సంస్థ గొప్పతనం చెప్పే వ్యాసాల్లో ఈ మెట్ల సంగతి పెద్దగా కనిపించదు. నాకు మాత్రం ఈ కథంతటికీ కీలకం అక్కడే ఉందనిపిస్తుంది. ఎందుకంటే మెట్లు తీసేసినా, ఒకడు పైకి ఎక్కాడు.

అతని దగ్గరికి వచ్చే ముందు హంఫ్రీ డేవీ గురించి కొంచెం. 1801లో డేవీని ఉద్యోగంలోకి తీసుకున్నారు. వయసు ఇరవై రెండు. మాటకారి, అందగాడు, కవిత్వం కూడా రాసేవాడు. మన క్లబ్‌లో ఉంటే కచ్చితంగా ఎడిటర్ అయ్యేవాడు. అతని కెమిస్ట్రీ లెక్చర్లకి లండన్ సంపన్న కుటుంబాలు ఎగబడ్డాయి. వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళని గడప తొక్కనివ్వని కాలంలో ఇక్కడ టికెట్ ఉంటే చాలు. లెక్చర్ రోజుల్లో గుర్రపు బళ్ళతో వీధి కిక్కిరిసిపోయేదట. అందుకే ఆల్బమార్ల్ స్ట్రీట్‌ని లండన్‌లో మొట్టమొదటి వన్ వే వీధిగా చెప్పుకుంటారు.

ఈ టికెట్లూ చందాలే కింది ల్యాబ్‌ని నడిపాయి. 1807లో డేవీ కరిగించిన క్షారాల్లోంచి కరెంటు పంపి పొటాషియం, సోడియం లోహాల్ని మొదటిసారి విడదీశాడు. మరుసటి ఏడాది కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం. తర్వాత ఇంకా పెద్ద బ్యాటరీ కావాలంటే సభ్యులు చందాలు వేసుకుని రెండు వేల జతల పలకలున్న బ్యాటరీ కట్టించారు. పైన హాల్లో చూసి ముచ్చటపడ్డవాళ్ళే కింద ల్యాబ్‌కి స్పాన్సర్లు. గ్రాంటు, ప్రపోజల్, రివ్యూ కమిటీ లాంటివి ఏవీ పుట్టని రోజుల్లో ఇదే ఫండింగ్ ఏజెన్సీ.

బైండింగ్ షాపులో కుర్రాడు

డేవీ లెక్చర్లకి వచ్చినవాళ్ళలో జేన్ మార్సెట్ అనే ఆవిడ ఒకరు. లెక్చర్ బాగుంది కానీ ఆ వేగానికి అంతా అందలేదు. తర్వాత తెలిసినవాళ్ళతో మాట్లాడుకుని, చిన్న చిన్న ప్రయోగాలు చేసుకుంటే అప్పుడు అర్థమైంది. అలాగైతే సంభాషణ రూపంలోనే రాస్తే పోలా అనుకుని, ఒక టీచరమ్మా ఇద్దరు ఆడపిల్లలూ మాట్లాడుకుంటున్నట్టు కెమిస్ట్రీ పుస్తకం రాసింది. 1806లో వచ్చింది. పేరు 'కాన్వర్సేషన్స్ ఆన్ కెమిస్ట్రీ'. రచయిత్రి పేరు మీద లేదు. ఎడిషన్ మీద ఎడిషన్ పడింది.

ఆ పుస్తకం చదివిన కుర్రాడు కమ్మరి కొడుకు. పద్నాలుగేళ్ళకే పుస్తకాల బైండింగ్ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. ఏడేళ్ళ ఒప్పందం. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాల్ని కుట్టేవాడు, కుట్టే ముందు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో కరెంటు గురించిన వ్యాసం అలాగే దొరికింది, మార్సెట్ పుస్తకమూ అలాగే దొరికింది. చదివింది నిజమో కాదో తన స్తోమతుకి తగ్గ చిన్న ప్రయోగాలతో పరీక్ష చేసుకునేవాడు. ఊళ్ళో టాటమ్ అనే ఆయన ఇంట్లో సాయంత్రాలు సైన్స్ లెక్చర్లు చెప్తుంటే, తలకి ఒక షిల్లింగ్ చొప్పున అన్నయ్య దగ్గర తీసుకుని వెళ్ళాడు.

1812లో షాపుకి వచ్చే ఒక కస్టమర్, విలియం డాన్స్ అనే ఆయన, ఈ కుర్రాడికి డేవీ చివరి నాలుగు లెక్చర్లకి టికెట్లు ఇప్పించాడు. ఫారడే గ్యాలరీలో గడియారం పైన కూర్చుని విన్నాడు. వెబ్‌స్టర్ పనివాళ్ళ కోసం అనుకున్న ఆ గ్యాలరీలోనే. విన్నదంతా ఇంటికెళ్ళి శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు గీసి, దాదాపు మూడు వందల పేజీల పుస్తకంగా తనే బైండింగ్ చేసి, డేవీకి పంపాడు. ఉద్యోగం ఇవ్వమని అడిగాడు.

డేవీ మర్యాదగానే జవాబిచ్చాడు గానీ, చేతిలో పని వదులుకోవద్దు అనే సలహా చెప్పాడు. ఇంతలో ల్యాబ్ అసిస్టెంట్ ఒకడు కొట్లాటకి దిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చి 1న ఆ ఖాళీలో ఫారడేని వేశారు. జీతం, పైన అటకలో రెండు గదులు, వెలుతురుకి కొవ్వొత్తులు, చలికి బొగ్గు. అక్కణ్ణుంచి మొదలై దాదాపు యాభై ఏళ్ళు అదే భవనం.

గొలుసు చూడండి. డేవీ పైన లెక్చర్ చెప్పాడు. దాన్ని విన్న ఒకావిడ పుస్తకం రాసింది. దాన్ని చదివిన బైండింగ్ కుర్రాడు అదే హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. తర్వాత కింది ల్యాబ్‌లోకి దిగాడు. పద్దెనిమిదేళ్ళకి విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టాడు. ఇందులో ఒక్క లింకు తెగినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఇంకెవరో కనిపెట్టేవారు లెండి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అప్పటికే దాని దగ్గరికి వచ్చేశాడు కూడా. కానీ ఆల్బమార్ల్ స్ట్రీట్‌లో మాత్రం కనిపెట్టేవారు కాదు.

దీన్ని అదృష్టం అనేయొచ్చు. టికెట్ ఇచ్చిన డాన్స్ మంచివాడు, కొట్లాడిన అసిస్టెంట్ కోపిష్టి, అంతే కదా అని. నిజమే. మెట్ల దారి ఉండుంటే డాన్స్ అవసరం ఉండేది కాదు అన్నది కూడా నిజమే. ఆ మెట్లు తీసేశాక ఎంతమంది ఫారడేలు టికెట్ దొరక్క బైండింగ్ షాపుల్లోనే ఉండిపోయారో లెక్క ఎక్కడా లేదు.

ఒక కొవ్వొత్తి, ఆరు లెక్చర్లు

ఫారడే తనెలా లోపలికి వచ్చాడో మరిచిపోయినట్టు లేడు. 1825లో ల్యాబ్ డైరెక్టర్ అయ్యాక సంస్థలో రెండు అలవాట్లు మొదలయ్యాయి. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి శుక్రవారం సాయంత్రం ఉపన్యాసాలు. ఎవరైనా శాస్త్రవేత్త తన తాజా పనిని నిపుణులు కానివాళ్ళకి గంటలో చెప్పాలి. రెండోది క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం లెక్చర్లు. 1825లో మొదలై, రెండో ప్రపంచ యుద్ధంలో 1939 నుంచి 42 దాకా తప్ప ఆగలేదు. వీటిలో పంతొమ్మిది సిరీస్‌లు ఫారడే ఒక్కడే చెప్పాడు.

మాట్లాడటం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. నేర్చుకున్నాడు. అసిస్టెంట్‌గా చేరిన ఏడాదే ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో లెక్చర్ ఎలా ఉండాలో చర్చించాడు. హాల్లోకి గాలి ఎలా రావాలి, జనం లోపలికీ బయటికీ ఎలా వెళ్ళాలి, బల్ల మీద పరికరాలు ఎలా అమర్చాలి, గంట దాటితే ఎందుకు వినరు. ఇరవై రెండేళ్ళు నిండని కుర్రాడు పెద్దవాళ్ళ లెక్చర్లు వింటూ, లెక్చరర్‌ని కాకుండా వింటున్నవాళ్ళ మొహాల్ని గమనించాడన్నమాట. తర్వాత డబ్బు కట్టి ఉచ్చారణ పాఠాలు చెప్పించుకున్నాడు. లెక్చర్ మధ్యలో ఉత్సాహం వచ్చి వేగం పెరిగితే, 'నెమ్మదిగా' అని రాసిన కార్డు అసిస్టెంట్ ఎదురుగా పెట్టేవాడు. మన టెక్నికల్ సెమినార్లలో ఇరవై నిమిషాలకి అరవై స్లైడ్లు దంచేవాళ్ళ ముందు ఆ కార్డు పెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

అతని లెక్చర్లలో అన్నిటికంటే పేరు వచ్చింది కొవ్వొత్తి మీద. 1848లో ఒకసారి, 1860 క్రిస్మస్‌కి మరోసారి చెప్పాడు. రెండోసారి చెప్పినవి 1861లో పుస్తకంగా వచ్చాయి. ఆరు లెక్చర్లు, ఒక కొవ్వొత్తి. కరిగిన మైనం ఒత్తిలోకి ఎలా ఎక్కుతుంది, మండేది మైనమా దాని ఆవిరా, మంటకి ఆ పసుపు వెలుగు ఎక్కడిది, మండాక తయారైన నీళ్ళు ఎటు పోయాయి, చివరికి కొవ్వొత్తి మండటానికీ మనం ఊపిరి తీసుకోవటానికీ ఏమిటి సంబంధం. కెమిస్ట్రీ సిలబస్‌లో సగం అందులో ఉంది.

ఒక్క ప్రయోగం చెప్తాను. హాస్టల్లో కరెంటు పోయినప్పుడు చేయొచ్చు, కర్టెన్లకి దూరంగా. కొవ్వొత్తి బాగా మండనిచ్చి, మెల్లగా ఊది ఆర్పండి. ఒత్తి మీంచి తెల్లటి పొగ పాయ లేస్తుంది. ఆ పొగకి, ఒత్తికి ఓ అంగుళం పైన, వెలిగించిన అగ్గిపుల్ల అంటించండి. మంట పొగ పాయ వెంట కిందికి జారి కొవ్వొత్తిని మళ్ళీ వెలిగిస్తుంది. అంటే ఆ తెల్లగా కనిపించేది మామూలు పొగ కాదు, మండటానికి సిద్ధంగా ఉన్న మైనం ఆవిరి. మండేది ఒత్తీ కాదు, గట్టి మైనమూ కాదు అని సూత్రం చెప్పకుండా కళ్ళతో చూపించేశాడు. పిల్లలకే కాదు, కంబషన్ చదివే మెకానికల్ వాళ్ళకీ ఇదే మొదటి పాఠం కావాలి.

మాటలు అరువు తెచ్చుకోవడం

సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి ఈ సంగతి చెప్పకపోతే తప్పు.

ద్రావణంలోంచి కరెంటు పంపితే ఏం జరుగుతుందో ఫారడే 1830ల మొదట్లో కొలిచాడు. కొలిచాక రాయడానికి మాటలు లేవు. అప్పటివరకూ 'పోల్' అంటే ధ్రువం అనేవారు. ధ్రువం అంటే అయస్కాంతంలా లాగుతుందన్న అర్థం వస్తుంది. లాగడం అనేది తన ఫలితాలకి పొసగదని ఫారడే అభిప్రాయం. తప్పు మాట వాడితే తప్పు ఆలోచన వెంట వస్తుందని అతని భయం. తనకి గ్రీకు, లాటిన్ రావు. అందుకని తెలిసినవాళ్ళని అడిగాడు. 1834లో కేంబ్రిడ్జ్‌లోని విలియం హ్యూయెల్‌కి ఉత్తరం రాశాడు. తను అనుకున్న కొన్ని మాటలు చెప్తే, హ్యూయెల్ వాటిని పక్కనపెట్టి ఆనోడ్, కాథోడ్ సూచించాడు. గ్రీకులో పైకి దారి, కిందికి దారి. కదిలి వెళ్ళేదానికి అయాన్. అంటే 'వెళ్ళేది', అంతే. సైంటిస్ట్ అనే మాటని ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఈ హ్యూయెల్లే.

మార్సెట్ పుస్తకం చదువుకుని పైకొచ్చిన మనిషికి, అర్థమయ్యేలా చెప్పడం ల్యాబ్ పని అయ్యాక చేసే పని కాదు. ల్యాబ్ పనిలో భాగమే. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎలక్ట్రాలిసిస్‌ని విద్యుద్విశ్లేషణ అన్నాం, బాగుంది. ఇండక్షన్‌ని ప్రేరణ అన్నాం, ఇంకా బాగుంది. ఇంకొకరి వల్ల కదలడం అని మామూలు తెలుగులో ఉన్న అర్థమే అక్కడా ఉంది. ఆనోడ్‌ని మాత్రం చాలాచోట్ల ధనధ్రువం అంటున్నాం. ఏ ధ్రువాన్ని వదిలించుకోవడానికి ఫారడే ఉత్తరం రాశాడో దాన్నే మళ్ళీ తెచ్చుకున్నాం. పైగా డిశ్చార్జ్ అవుతున్న బ్యాటరీలో ఆనోడ్ ఋణ టెర్మినల్. ఈ ఒక్క మాట వల్ల వైవాలో తడబడిన వాళ్ళు మనలో తక్కువేం కాదు.

చదివిన అమ్మాయి, తర్వాతి డబ్బు కష్టాలు

ఫారడే కథ ఒక్కటే అయితే వ్యాసం రాసేవాణ్ణి కాదు. వందేళ్ళ తర్వాత అదే మళ్ళీ జరిగింది. 1923 క్రిస్మస్‌కి విలియం బ్రాగ్ పదార్థాల స్వభావం మీద లెక్చర్లు చెప్పాడు. ఎక్స్ కిరణాలతో స్ఫటికాల్లో అణువుల అమరిక కనిపెట్టినందుకు కొడుకుతో కలిసి నోబెల్ అందుకున్నవాడు ఈయన. లెక్చర్లు 1925లో పుస్తకమయ్యాయి. డొరొతీ క్రోఫుట్ అనే స్కూలు పిల్లకి తల్లి ఆ పుస్తకం కొనిచ్చింది. ఎక్స్ కిరణాలతో అణువుల్ని 'చూడొచ్చు' అన్న మాట ఆ పిల్లకి పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమె డొరొతీ హాడ్జ్‌కిన్. పెనిసిలిన్, విటమిన్ బి12 నిర్మాణాలు తేల్చి, 1964లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకుంది. టికెట్ బదులు ఈసారి పుస్తకం.

మధ్యలో మన దేశం మనిషి కూడా ఆ బల్ల ముందు నిలబడ్డారు. 1897 జనవరి 29న, శుక్రవారం ఉపన్యాసంలో, జగదీశ్ చంద్ర బోస్ తను కలకత్తాలో తయారు చేసుకున్న పరికరాలతో మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న విద్యుత్ తరంగాల్ని చూపించారు. ఇప్పుడు 5జీ పేరుతో ఈసీఈ వాళ్ళు మాట్లాడే బ్యాండ్లకి ఇరుగుపొరుగు అది.

ఇప్పటి సంగతి క్లుప్తంగా. 1978లో క్రిస్టఫర్ జీమన్ గణితం మీద క్రిస్మస్ లెక్చర్లు చెప్పాక, స్కూలు పిల్లలకి శనివారం గణిత తరగతులు పెట్టాలన్న ఆలోచన పుట్టింది. 1981 నుంచి మాస్టర్‌క్లాసులు నడుస్తున్నాయి. 1966 నుంచి లెక్చర్లు టీవీలో వస్తున్నాయి. ఇప్పుడు యూట్యూబ్‌లో చాలావరకు ఉచితం. పరిశోధన మాత్రం ఒకప్పటిలా లేదు. 2008లో రెండు కోట్ల ఇరవై లక్షల పౌండ్లు పెట్టి భవనానికి మెరుగులు దిద్దారు. ఆ ఖర్చు తర్వాత సంస్థ అప్పుల్లో పడింది. 2013లో భవనం అమ్మేద్దామా అన్నదాకా వచ్చింది. పేరు చెప్పని దాత ఒకరు 44 లక్షల పౌండ్లు ఇవ్వడంతో నిలబడింది. జనం టికెట్ల మీద ల్యాబ్ నడిచిన కాలం పోయింది. పరికరాలు లక్షలూ కోట్లూ దాటాక ఏ లెక్చర్ హాలూ దాన్ని మోయలేదు. ఆ మోడల్‌కి ఉన్న హద్దు ఇది. దాన్ని పొగుడుతూ ఈ ముక్క దాచకూడదు.

బౌబజారు బోర్డు

ఆ మోడల్‌ని చూసి ముచ్చటపడి మన దేశంలో ఒకరు సంస్థ పెట్టారు. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్, కలకత్తాలో ప్రాక్టీసున్న వైద్యుడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ లాంటిది మనకీ ఉండాలి, నడిపేదీ మనమే అయ్యుండాలి అని 1869 నుంచీ రాస్తూ, చందాలు అడుగుతూ, 1876లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ స్థాపించారు. 210, బౌబజారు వీధి. హాలు కట్టారు, ల్యాబ్ కట్టారు. సెయింట్ జేవియర్స్ కాలేజీ ఫాదర్ లఫోఁ ఏళ్ళ తరబడి అక్కడ ప్రయోగాలతో లెక్చర్లు చెప్పారు. పైన హాలు బాగానే నడిచింది. కింద ల్యాబ్‌కి మనుషులు రాలేదు. పూర్తికాలం పరిశోధకుల్ని పెట్టడానికి సరిపడా డబ్బు ఎవరూ ఇవ్వలేదు. 1904లో సర్కార్ చనిపోయే నాటికి తన ప్రయత్నం ఫలించలేదన్న దిగులుతోనే ఉన్నారు.

మూడేళ్ళకి, 1907లో, ఆర్థిక శాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా పద్దెనిమిదేళ్ళ కుర్రాడు కలకత్తా వచ్చాడు. ఒకరోజు ట్రాములో వెళ్తూ ఆ సంస్థ బోర్డు చూసి దిగాడు. తలుపు తీసింది ఆశుతోష్ దే అనే ఉద్యోగి. లోపల పరికరాలు దుమ్ము పట్టి ఉన్నాయి. సర్కార్ కొడుకు అమృతలాల్ అప్పుడు కార్యదర్శి. ఈ ల్యాబ్‌లో పనిచేసుకోవచ్చా అని అడిగితే, మీలాంటి వాళ్ళ కోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నాం అన్న ధోరణిలో తలుపులు తెరిచేశారు. ఆఫీసుకి వెళ్ళే ముందు పొద్దున్న, వచ్చాక రాత్రి దాకా. పదేళ్ళు అలా గడిచింది. ఆ కుర్రాడు చంద్రశేఖర వెంకట రామన్. బల్ల కింద సహాయకుడిగా మొదలైన ఆశు బాబు కూడా తర్వాత తన పేరుతో పరిశోధన పత్రం అచ్చువేసుకున్నారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది బౌబజారు వీధి ల్యాబ్‌లోనే.

లండన్‌లో బైండింగ్ కుర్రాడు, కలకత్తాలో లెక్కల ఆఫీసరు. ఇద్దరూ బయటివాళ్ళే. లండన్ హాలు ఒకణ్ణి పన్నెండేళ్ళలో తెచ్చింది, కలకత్తా హాలుకి ముప్ఫై ఏళ్ళు పట్టింది. సర్కార్ చూడకుండానే పోయారు. అందుకే ఒక సైన్స్ సంస్థ ఏం సాధించింది అని ఐదేళ్ళకోసారి లెక్కలడిగే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. 1904లో లెక్క తీసి ఉంటే 210, బౌబజారు మూసేయాల్సిన సంస్థే.

రామన్ స్కూలు చదువు సాగింది విశాఖపట్నంలో. తండ్రి అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో ఫిజిక్సు, లెక్కలు చెప్పేవారు; రామన్ మెట్రిక్ పదకొండేళ్ళకే అక్కడే పాసయ్యారు. 1928లో, ఆ ఎఫెక్ట్ వార్త తాజాగా ఉన్నప్పుడు, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన ఒక కృష్ణా జిల్లా కుర్రాడు, ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర ఆ ల్యాబ్‌లో చేరారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పారు. కాంతి పరిక్షేపణ, రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే వాల్తేరు నుంచి ప్రచురించింది. రామన్ చదువుకున్న బడికి అది కొద్ది మైళ్ళ దూరం.